చాబహార్ పెండ్లికొడుకు

జూన్ 1, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాయడానికి కారణం భాషాభిమానం కాదు. అమ్మీకి ఉర్దూ తప్ప మరొకటి చదవడం రాదు. అబ్బాజాన్ తెలుగులో దుకాణాల బోర్డులు, డ్యూటీ చార్టులో తన పేరు కూడబలుక్కుంటారు, అంతే. ఇంట్లో మా మాటలన్నీ దక్కనీ ఉర్దూ. కాబట్టి ఈ నోటుబుక్కును నడింట్లో పెట్టినా ఎవరూ చదవలేరు. అట్ట మీద "గ్రూప్స్ నోట్స్: అంతర్జాతీయ సంబంధాలు" అని రాశాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఈ నెల ఇరవై రెండున నా పెళ్లి. నాకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఇష్టపడి ఒప్పుకున్నదీ కాదు, బలవంతాన ఒప్పుకున్నదీ కాదు. అబ్బాజాన్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపి నడిపి నడుము పట్టేసిన మనిషి. ఆయన నా మంచం పక్కన నిలబడి, "నీ ఇష్టమే బేటీ" అని అంత మెల్లగా అడిగితే కాదనలేకపోయాను. పరీక్ష రాయనివ్వాలని ఒక్క షరతు పెట్టాను. అవతలివాళ్లు ఒప్పుకున్నారు. అంతటితో ఆ విషయం అయిపోయింది.

పెళ్లికొడుకు పేరు అర్బాజ్. బసంత్‌నగర్ లారీ మెకానిక్ కొడుకు. ఐటీఐ చదివి, ముంబైలో క్రేన్ల పని నేర్చుకుని, రెండేళ్లుగా ఇరాన్‌లో చాబహార్ అనే రేవులో పని చేస్తున్నాడు. నిశ్చితార్థం నాడు షర్బత్ ఇస్తూ ఒక్కసారి చూశాను. గోళ్ల చివర్లలో గ్రీసు మరకలున్నాయి. ముఖం సరిగా చూడలేదు. అంటే చూశాను, కానీ సరిగా కాదు.

నిఖా అయ్యేదాకా మాట్లాడుకోకూడదని అమ్మీ నియమం. అందుకని అతని సలాములు అమ్మీ తోడబుట్టిన అల్మాస్ ఖాలా కొడుకు ఖైజర్ మోసుకొస్తాడు. ఖైజర్, అర్బాజ్ ఐటీఐలో ఒకే బెంచీ. ఈ సంబంధం తెచ్చిందీ వాడే. ఇవాళ చదివిన పాఠం కూడా అలాంటిదే: ఇస్లామిక్ రిపబ్లిక్ ఆఫ్ ఇరాన్‌కూ అమెరికాకూ 1980 నుంచి మాటల్లేవు. ఒకరి కబురు ఒకరికి చేరవేసేది స్విట్జర్లాండ్. 

మా ఇంటి స్విట్జర్లాండ్‌కు కరీంనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

జూన్ 3

చాబహార్ ఏ సముద్రం ఒడ్డున ఉందో కనుక్కోమని ఖైజర్‌తో అడిగించాను. ఒమన్ సింధుశాఖ అని నాకు తెలుసు. అయినా పుస్తకాల్లో తప్పులుండొచ్చు, అక్కడ ఉన్న మనిషిని అడగడం మంచిది.

జవాబు వచ్చింది. "ఒమన్ సింధుశాఖ. సాయంత్రం పూట ఇత్తడి రంగుల ఉంటది." రెండో వాక్యం అర్బాజ్ అన్నదా, నువ్వు కలిపిందా అని ఖైజర్‌ను మూడుసార్లు అడిగాను. వాడు అల్లా మీద ఒట్టేశాడు. సముద్రం రంగు పరీక్షలో రాదు. అయినా నోట్సులో రాసుకున్నాను.

జూన్ 7, బక్రీద్

ఇవాళ పెద్ద మార్పు జరిగింది. వివరంగా రాయాలి.

మధ్యాహ్నం బిర్యానీకి పక్క క్వార్టర్ నుంచి రాయమల్లు కాక, పూలమ్మ చిన్నమ్మ వచ్చారు. కాక, అబ్బాజాన్ ఒకే గనిలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నారు. అందరం తింటుండగా అర్బాజ్ పండుగ ముబారక్ చెప్పడానికి అబ్బాజాన్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టారు. కాకకు ఎప్పటి నుంచో ఒక అనుమానం ఉంది. వెంటనే అడిగేశాడు.

"అర్బాజ్, గా దేశంల మన గవర్మెంటుకు రేవేంది బిడ్డా? మనకు సముద్రం లేదా?"

"ఉన్నది కాక. కాని అఫ్ఘానిస్తాన్‌కు సామాన్ పంపాల్నంటే నడుమ పాకిస్తాన్ ఉన్నది. వాళ్లు తొవ్వ ఇయ్యరు. అందుకే ఇరాన్ దిక్కు నుంచి తిరిగి పోవుడు."

కాక నములుతున్న మాంసం బొక్క పక్కన పెట్టి ఆలోచించాడు. "అంటే పక్కింటోడు తొవ్వ ఇయ్యకపోతే ఎన్క ఇంటోని పెరట్ల నుంచి పోవుడన్నట్టు."

"గంతే కాక."

"మరి ఎన్క ఇంటోనితోని అమెరికాకు మాటల్లేవాయె. అమెరికా మనలను ఏమనదా?"

"అంటది. ఒకపారి పోనీ అంటది, ఒకపారి ఆగు అంటది. ఆగు అన్నప్పుడు మా క్రేన్లకు సామాన్ రాదు. నేను లారీ టైరు కోసి వాషర్లు చేస్త. బసంత్‌నగర్‌ల మా అబ్బ నేర్పిన పనే."

నా దగ్గరున్న మూడు పుస్తకాలు ఇరవై పేజీల్లో చెప్పింది ఇంతే. నేను వంటింటి గడప దగ్గర నిలబడి, ఆంక్షల మినహాయింపు గురించి ఒక సందేహం ఉందని అబ్బాజాన్‌కు చెప్పాను. అమ్మీ నా వైపు గుడ్లురిమి చూసింది. అబ్బాజాన్ గడ్డం గోక్కుని, చదువు సంగతి అయితే తప్పు లేదు, తన ఎదుట, స్పీకర్ మీద మాట్లాడొచ్చు అని తీర్పు చెప్పారు. చదువు సంగతి మాత్రమే అని అమ్మీ సవరణ పెట్టింది.

ఈ విధంగా ప్రత్యక్ష సంబంధాలు మొదలయ్యాయి. స్విట్జర్లాండ్ రెండు ప్లేట్లు బిర్యానీ తిని విశ్రాంతి తీసుకుంది.

(అమ్మీ మాటలు తెలుగులోకి మార్చి రాస్తుంటే అచ్చం పూలమ్మ చిన్నమ్మ మాట్లాడినట్టే ఉంది. వాళ్లిద్దరికీ ఇది చెప్పకూడదు.)

జూన్ 9

ఇరాన్‌కు భూసరిహద్దు ఉన్న దేశాలు ఏడు. ఇరాక్, టర్కీ, అర్మేనియా, అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్. ఒక్కొక్క దేశం గురించి విడిగా అడిగాను. అబ్బాజాన్ కుర్చీలోనే నిద్రపోయారు.

జూన్ 12

పదహారున అతని ప్రయాణం. చాబహార్ నుంచి టెహ్రాన్, అక్కడి నుంచి ఢిల్లీ, ఆ తర్వాత రైలు.

ఇవాళ అతనే ఒక ప్రశ్న అడిగాడు. చాబహార్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరట. "పని చేస్తున్నప్పుడు నాతోని నేనే తెలుగుల మాట్లాడుకుంట. ఇది ఏ సంబంధాల కిందికి వస్తది?" అన్నాడు. అబ్బాజాన్ దగ్గారు. అంతర్గత వ్యవహారాలు అని చెప్పాను. అతను నవ్వాడు. అబ్బాజాన్ కూడా నవ్వి, నవ్వలేదన్నట్టు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

చదువు బాగా సాగుతోంది.

జూన్ 13, శుక్రవారం

తెల్లవారుజామున ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చేసింది. టెహ్రాన్‌లో మంటలు చూపిస్తున్నారు. విమానాలన్నీ ఆపేశారు.

అతను ఫోన్ చేశాడు. చాబహార్‌లో ఏమీ లేదట, టెహ్రాన్ చాలా దూరమట. మధ్యాహ్నం మా ఓపెన్‌కాస్టులో సైరన్ మోగి, రోజూ పేలే బ్లాస్టింగే పేలింది. కిటికీలు రోజూ అదిరినట్టే అదిరాయి. నా చేతిలోంచి గ్లాసు జారిపోయింది. స్టీలు గ్లాసే, ఏమీ కాలేదు.

జూన్ 14

టిక్కెట్టు రద్దయింది.

సాయంత్రం రాయమల్లు కాక వచ్చి ఈ యుద్ధంలో మనం ఎవరి వైపని అడిగాడు. ఇద్దరూ మనకు స్నేహితులే, ఒకరి దగ్గర ఆయుధాలు కొంటాం, ఇంకొకరి దగ్గర రేవు నడుపుతున్నాం, కాబట్టి ఇద్దరినీ శాంతంగా ఉండమంటున్నామని చెప్పాను. కాకకు వెంటనే అర్థమైంది. "మన గనిల సదయ్య తీరు. యూనియన్ ఎలక్షన్లు వస్తే రెండు టెంట్లల్ల చాయ తాగుతడు" అన్నాడు. అలా చాయ తాగబట్టే సదయ్య మాట రెండు టెంట్లూ వింటాయని కూడా అన్నాడు.

అమ్మీ నమాజు చేసే జానమాజ్ చాప మీద నుంచి లేవడం లేదు. పెళ్లికి ఎనిమిది రోజులుంది. ఇంట్లో ఎనిమిది డజన్ల గాజులున్నాయి.

జూన్ 15

కంగారేమీ లేదు. రోజంతా చదివాను. ఏం చదివానో గుర్తు లేదు.

జూన్ 16

అతను ఎక్కాల్సిన విమానం ఇవాళ లేదు.

మ్యాపు పరిచి కూర్చున్నాను. చాబహార్ నుంచి పాకిస్తాన్ సరిహద్దు నూట యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. మ్యాపులో అదే దగ్గరి దారి. కానీ ఈ వేసవిలో మనకూ వాళ్లకూ జరిగిన గొడవ తర్వాత ఆ గేటు మూసేశారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనిషికి అది దారి కాదు, గోడ. సామాన్ల ఓడలో వస్తే? ఓడ పనివాళ్ల కాగితాలు లేకుండా ఎక్కనివ్వరట.

ఫోన్లో మాత్రం చాలా హాయిగా ఉన్నాడు. "ఇక్కడ చేపలు పట్టేటోళ్లు చేపలు పడుతున్నరు. మేం ఆరుగురం ఇండియా వాళ్లం ఉన్నం. అందరం ఇక్కడనే ఉందామనుకున్నం. సల్లబడ్డంక వస్త" అన్నాడు.

అలాగే, తొందరేం లేదు అని అన్నాను. చాలా నిబ్బరంగా అన్నాను.

జూన్ 17

అబ్బాజాన్ ఫస్టు షిఫ్టుకు పోయారు. అమ్మీ పూలమ్మ చిన్నమ్మతో బజారుకు పోయింది. పదకొండింటికి ఇంట్లో వదిలి పోయిన అబ్బాజాన్ ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టే అవసరం లేకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. నెట్ పూర్తిగా తీసేస్తారని అక్కడ అనుకుంటున్నారట.

నేను రాత్రే నిర్ణయించుకున్నది చెప్పాను. "నువ్వు మషద్‌కు పో."

"మషద్ యాడ, నేను యాడ? పదహారు వందల కిలోమీటర్లు."

"తుర్క్‌మెనిస్తాన్ బార్డర్ మషద్‌కు దగ్గర. విమానం లేకపోయినా రోడ్డు మీద దాటొచ్చు. మన సర్కారు విద్యార్థులను అర్మేనియా దిక్కు ఇట్లనే దాటిస్తున్నది. నువ్వున్న కాడ ఉన్న బార్డర్ మనకు పనికిరాదు. అక్కడ ఉండుడు భద్రం కాదు."

"ఇది పరీక్షల వస్తదా?"

"వస్తది."

 "సరే, పోత. జాహెదాన్ బస్సు మూడింటికి ఉన్నది" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. లైను తెగిపోయింది.

సాయంత్రం ఆరు గంటలకు: వార్తల్లో చూశాను. మొన్ననే మషద్ విమానాశ్రయం మీద కూడా దాడి జరిగిందట. నాకు తెలియదు. నేను సరిహద్దులు చూశాను కానీ ఆ వార్త చూడలేదు. మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను, కలవలేదు. బస్సు మూడింటికే పోయి ఉంటుంది.

అతను మషద్‌కు బయలుదేరాడని ఇంట్లో చెప్పాను. ఎవరు పొమ్మన్నారో చెప్పలేదు.

జూన్ 18

ఇరాన్ అంతటా నెట్ ఆగిపోయింది. వాట్సాప్‌లో నిన్నటి మెసేజీకి ఒకటే టిక్కు.

చాబహార్‌లో చేపలు పడుతున్నారు. మిగిలిన ఐదుగురూ అక్కడే నిశ్చింతగా ఉండి ఉంటారు. నేను ఒక మనిషిని ఎడారిలోకి పంపాను. నా చదువు ఇందుకు పనికొచ్చింది.

ఏడుస్తూ కూర్చుంటే ఏమవుతుందని ఢిల్లీలో సర్కారు పెట్టిన కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు ఎంగేజ్. తర్వాత ఒకామె ఎత్తింది. హిందీలో చాలా ఓపికగా మాట్లాడింది. ఖైజర్ దగ్గర తీసుకున్న పాస్‌పోర్టు నంబరు చెప్పాను. చాబహార్ నుంచి జాహెదాన్ మీదుగా మషద్‌కు బస్సులో వస్తున్నాడని చెప్పాను. ఆమె రాసుకుంది. చివర్లో, అతను మీకేమవుతారని అడిగింది.

"నేను ఆయన మంగేతర్‌ను" అన్నాను. కాబోయే భార్యనని నా నోటితో ఎప్పుడూ అనలేదు. పెళ్లెప్పుడని ఆమె అడిగింది. ఆదివారం అని చెప్పాను. ఆమె మషద్‌లో ఉన్న మన ఎంబసీ వాళ్లకు పేరు పంపిస్తానంది. పెళ్లి మాట కూడా రాస్తానంది.

జూన్ 19

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి అల్మాస్ ఖాలా వచ్చింది. వెనకే ఖైజర్. వాడు లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. ఖాలా అమ్మీని పట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అసలు సంగతికి వచ్చింది. ఆదివారానికి హాలు ఉంది, వంటవాళ్లకు చెప్పారు, నాలుగు వందల మందికి కార్డులు పంచారు. పోయిన పిల్లాడి కబురు లేదు. వారం దాటితే మొహర్రం, ఆ తర్వాత రెండు నెలలు మన వాళ్లలో ఎవరూ పెళ్లి మాట ఎత్తరు. ఆడపిల్ల పెళ్లి ఇలా ఆగితే లోకం ఏదో ఒక మాట అంటగడుతుంది. కాబట్టి అదే రోజు, అదే హాలులో, ఖైజర్‌తో చేసేద్దామంది. మాలో ఖాలా కొడుకుతో పెళ్లి కుదురుతుంది. ఆమె దుర్మార్గురాలు కాదు. మా పరువు కాపాడుతున్నాననే అనుకుంటోంది.

అమ్మీ అబ్బాజాన్ వైపు చూసింది. అబ్బాజాన్ నేల వైపు చూశారు. నేను ఖైజర్ వైపు చూశాను. పాపం స్విట్జర్లాండ్. రెండు దేశాల మధ్య ఉత్తరాలు మోసినందుకు దాన్నే పెళ్లి చేసుకోవడం ఏ దౌత్యంలోనూ లేదు.

ఈ పెళ్లంటే నాకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదని నెల మొదట్లో ఈ పుస్తకంలోనే రాశాను. వద్దనుకుంటే ఇంతకంటే మంచి అవకాశం రాదు. కరీంనగర్‌లో ఉండొచ్చు, అక్కడ కోచింగ్ సెంటర్లున్నాయి, ఖైజర్ మంచివాడు. ఇవన్నీ నాకు ఆ ఒక్క నిమిషంలోనే తోచాయి. తోచినవి తోచినట్టే పోయాయి.

లేచి నిలబడ్డాను.

"ఖాలా, తారీఖు మారుతది. మనిషి మారడు."

అతను రాకపోతే ఏం చేస్తావని ఖాలా మెల్లగా అడిగింది. వస్తాడని చెప్పాను. నీకెట్ల తెలుసు అంది.

"మషద్‌కు పొమ్మన్నది నేనే. చాబహార్‌ల ఊకుండేటోన్ని నేనే తోలిన. మీ అందరికి చెప్పలే."

అమ్మీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోపంతోనో, నవ్వుతోనో ఇప్పటికీ తెలియదు. అబ్బాజాన్ లేచి చెప్పులు వేసుకున్నారు. "హాలు మేనేజర్‌ను కలిసి వస్త. వేరే తారీఖు ఏమున్నదో అడుగుత" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి ఖైజర్ భుజం తట్టారు. వాడు ఆయన వెనకే పరుగు తీశాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఈ ఇంట్లో ఇవాళ అందరికన్నా ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది వాడే.

మొహర్రంలోపు హాలు ఖాళీగా ఉన్నది ఒక్క బుధవారమే. ఇరవై ఐదు. మధ్యాహ్నం రెండింటికల్లా ఖాళీ చేయాలట.

జూన్ 20

ఇరాన్ తన ఆకాశాన్ని తెరిచింది. అందరికీ కాదు. అన్ని దేశాలకూ మూసేసి, మన వాళ్లను తీసుకుపోయే విమానాలకు మాత్రం తెరిచింది. మొదటి విమానం మషద్ నుంచి.

మషద్ నుంచి.

ఇలాంటి వాక్యం పుస్తకంలో ఉంటే కింద గీత గీసి పేజీ తిప్పేదాన్ని. ఇవాళ టీవీ ముందు నిలబడే చదివాను. తర్వాత వంటింట్లోకి పోయాను. ఎందుకు పోయానో మరిచిపోయి మళ్లీ వచ్చాను. రాయమల్లు కాక గోడ మీదుగా తొంగి చూసి ఏమైందని అడిగితే చెప్పాను. కాక చాలాసేపు తల ఊపాడు. "రెండు టెంట్లల్ల చాయ తాగుడు ఊకెనే పోలే" అన్నాడు.

కానీ అతను మషద్ చేరాడా?

జూన్ 21

టిక్కు ఒకటే.

జూన్ 22, ఆదివారం

పెళ్లి రోజు. అంటే, కావలసిన రోజు.

పొద్దున లేచేసరికి అమెరికా కూడా ఇరాన్ మీద బాంబులు వేసిందని వార్త. అబ్బాజాన్ టీవీ ఆపేసి ఫ్యూజు పోయిందని చెప్పారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఏడున్నరకు తెలియని నంబరు. నేనే ఎత్తాను.

"రుఖయ్యా, ఢిల్లీల దిగిన."

అతను నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ "ఇంకో డౌట్ ఏమన్న ఉన్నదా" అనేవాడు. ఫోన్ అమ్మీకి ఇచ్చాను. అమ్మీ అతన్ని తిట్టింది, దువా చేసింది, మళ్లీ తిట్టింది, అన్నం తిన్నావా అని అడిగి అబ్బాజాన్‌కు ఇచ్చింది. అబ్బాజాన్ ఎంతసేపు విన్నా "హా, హా" అని తప్ప ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఎండ చాలా ఉంది అన్నారు. బయట మబ్బు పట్టి ఉంది.

సాయంత్రం రైలు ఎక్కుతున్నాడు. రేపు మధ్యాహ్నం రామగుండం.

అమ్మీ ఎనిమిది డజన్ల గాజులూ మళ్లీ తీసి చూసింది.

జూన్ 23

పెళ్లికూతురు స్టేషన్‌కు పోవడం ఎక్కడా లేదని అమ్మీ అంది. పెళ్లికొడుకు బాంబుల కింద నుంచి రావడం మాత్రం ఎక్కడుందని పూలమ్మ చిన్నమ్మ అంది. అబ్బాజాన్, నేను, కాక, చిన్నమ్మ ఆటోలో పోయాం. అర్బాజ్ వాళ్ల అమ్మానాన్నలు అప్పటికే ప్లాట్‌ఫాం మీద ఉన్నారు.

రైలు గంట ఆలస్యం. దిగిన మనిషిని చూసి గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. గడ్డం పెరిగింది, పెదాలు ఎండకు పగిలాయి, చేతిలో ఒక పసుపు రంగు ప్లాస్టిక్ సంచి తప్ప సామాను లేదు. ఈసారి ముఖం సరిగా చూశాను. వాళ్లమ్మ కౌగిలి వదిలాక, వాళ్ల నాన్న వదిలాక, కాక వదిలాక, అతను నాకు నాలుగడుగుల దూరంలో వచ్చి నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. మాకిద్దరికీ అనుమతి ఉన్న విషయం ఒకటే.

"తుర్క్‌మెనిస్తాన్ బార్డర్ మషద్‌కు దగ్గరనే. నువ్వు చెప్పింది కరెక్టే" అన్నాడు.

"పుస్తకంల ఉన్నది" అన్నాను.

మొదట నవ్వింది అబ్బాజాన్.

జూన్ 24

యుద్ధం ఆగిందని అంటున్నారు. నిజంగానే ఆగితే బాగుండు. టెహ్రాన్‌లోనూ ఎవరి ఇంట్లోనో ఆగిపోయిన పెళ్లి ఉండి ఉంటుంది.

నాకు పసుపు పూశారు. ఈ పేజీకీ అంటింది.

జూన్ 25, బుధవారం

ఖాజీ గారు లోపలికి మనుషులను పంపి నా ఒప్పుదల అడిగించారు. పెళ్లికూతుళ్లు మెల్లగా, వినీ వినపడకుండా చెప్తారు. మూడోసారి అడిగాక గాని నోరు విప్పరు. నేను మొదటిసారికే "ఖుబూల్ హై" అన్నాను. గొంతు ఎంత పైకి పోయిందంటే తెర అవతల మగవాళ్ల వైపు నుంచి రాయమల్లు కాక నవ్వు వినిపించింది. సాక్షి సంతకం ఖైజర్‌ది.

రెండింటికి హాలు ఖాళీ చేశాం. వాన మొదలైంది. నాలుగు వందల కార్డుల మీదా తప్పు తారీఖే ఉన్నా, నాలుగు వందల యాభై మంది తిన్నారు.

జూన్ 26

బసంత్‌నగర్. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము మీద వాన పడితే వేరే వాసన వస్తుంది. మొహర్రం చంద్రుడు కనిపించాడని మసీదులో చెప్పారు. ఒక్క రోజులో బయటపడ్డాం.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని అన్నం తింటూ అతను ప్రయాణం చెప్పాడు. మామూలుగా ఒకటిన్నర రోజు పట్టే దారి మూడు రోజులు పట్టింది. డీజిల్ కోసం లైన్లు, ప్రతి ఊరి బయటా తనిఖీ. ఇండియా పాస్‌పోర్టు చూసి ఒక సిపాయి ఈ ఎడారిలో ఏం పని అని అడిగాడట. పెళ్లికి పోతున్నానని అతనికొచ్చిన కొద్ది ఫార్సీలో చెప్పాడు. ఎవరి పెళ్లికి అంటే, నాదే అన్నాడు. ఆ మాట బస్సంతా పాకింది. జాహెదాన్‌లో ఎక్కిన ఒక బలూచీ ముసలామె అప్పటి నుంచి ప్రతి తనిఖీలోనూ తనే ముందు దిగి, ఇతను పెళ్లికొడుకు, ఆలస్యం చేయకండి అని దబాయించిందట. దారి పొడవునా తన రొట్టె తుంచి పెట్టింది. బిర్జంద్‌లో దిగిపోతూ ఎండబెట్టిన ఎర్రటి పండ్ల పొట్లం చేతిలో పెట్టింది, పెళ్లి అన్నంలో వేయమని. మా అత్తగారు ఇవాళ పలావులో వేశారు. పుల్లగా ఉన్నాయి. అందరం రెండుసార్లు వడ్డించుకున్నాం.

మషద్‌లో మనవాళ్ల జాబితాలో అతని పేరు పక్కన ఎవరో చేత్తో "ఆదివారం పెళ్లి" అని రాసి పెట్టారట. అది చూసి రెండో విమానంలోనే ఎక్కించారు. ఢిల్లీ ఫోన్లో మాట్లాడినామె పేరు నేను అడగలేదు. అడగాల్సింది.

ఆగస్టులో రేవు మళ్లీ పిలిస్తే పోతాడు. నా పరీక్ష అయ్యాక నేనూ పోయి చూస్తాను. అది ఇప్పటికి మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం.

తర్వాత అతని ఫోన్ మోగింది. నెట్ వచ్చింది. చాబహార్ నుంచి ఆ ఐదుగురూ వీడియోలో ముబారక్ చెప్పారు. వాళ్ల వెనక సముద్రం, ఎదురుగా పళ్లెంలో వేయించిన చేపలు. అక్కడ ఏమీ జరగలేదట, ఒక్క రోజు కూడా. ఫోన్ పెట్టేశాక నా పళ్లెం పక్కకు జరిపాను. నా మాట మీద ఇతను మూడు రోజులు ఆ దారిలో ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. కదలకుండా ఉన్నవాళ్లు లావెక్కారు.

ఇక చెప్పకుండా ఉండలేకపోయాను. ఈ పుస్తకంలో కూడా రాయని మాట అతనికే ముందు చెప్పాను.

"ఆ రోజు అక్కడ ఉండుడు భద్రం కాదన్న. అబద్ధం. నేను భద్రం సంగతి ఆలోచించనే లేదు. ఇరవై రెండో తారీఖు దగ్గరికొస్తున్నది, నువ్వు సల్లబడ్డంక వస్తనంటున్నవు. నాకు నువ్వు రావాలె, గంతే."

అతను చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత మా అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసేంత గట్టిగా నవ్వాడు.

"మరి నేను పదహారు వందల కిలోమీటర్లు దేని కోసం వచ్చిన అనుకున్నవు, తుర్క్‌మెనిస్తాన్ కోసమా?"